చైల్డ్ సపోర్ట్ క్యాలిక్యులేటర్లు వాడి చూశా: డబ్బు లెక్కంతా పిల్లాడు రాత్రి ఎక్కడ పడుకున్నాడన్న దాని మీదే

చైల్డ్ సపోర్ట్ అంటే తల్లిదండ్రులు విడిపోయాక పిల్లాడి ఖర్చుకని ఒకరు ఇంకొకరికిచ్చే డబ్బు, అది ఎంతో లెక్కేసి చెప్పేవే ఈ క్యాలిక్యులేటర్లు. ముందే చెప్పేస్తున్నా, నేను లాయర్ని కాదు. మా అక్క విడాకుల కాగితాలన్నీ ఒక ఫైల్లో సర్దిపెట్టే పని ఎలాగో నా నెత్తిన పడింది, అంతే. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి అన్నీ తెలుసని మా ఇంట్లో ఒక నమ్మకం.

సంగతేంటంటే, పిల్లాడు ఇన్నాళ్లూ రెండు వారాలకోసారి శుక్ర, శనివారాలు తండ్రి దగ్గర పడుకునేవాడు. అంటే 14 రాత్రుల్లో 2. ఇప్పుడు ఆయన 5 రాత్రులు కావాలన్నాడు. (ఆయన్నిప్పుడు ఏమని పిలవాలో తెలీక నేనింకా బావగారనే అంటున్నా.) అక్కకి పెద్ద అభ్యంతరం లేదు, పిల్లాడైతే ఎగిరి గంతేశాడు. అంతా బాగానే ఉంది అనుకునేలోపు బావగారు ఫోన్లో మెల్లిగా, "మరి నేనిచ్చేది కూడా తగ్గాలి కదా" అన్నారు. ఎంత తగ్గాలి? ఆయన 14లో 5 అని లెక్క కట్టి మూడో వంతుకు పైనే అన్నారు. అక్క, రూపాయి కూడా తగ్గక్కర్లేదు, బట్టలూ ఫీజులూ అన్నీ నేనే చూస్తున్నా అంది. ఇద్దరి దగ్గరా లెక్క లేదు, కోపం మాత్రం ఉంది.

అలా మొదలైంది నా క్యాలిక్యులేటర్ల పిచ్చి. అక్క కోసమని ఒకటి తెరిచా, తర్వాత ఆగలేక నాలుగు దేశాల పద్ధతులు తిరగేశా. అన్నింట్లోనూ ఒకే ఊహాకుటుంబాన్ని పెట్టా: ఒక్క పిల్లాడు, డబ్బిచ్చేది తండ్రి, పిల్లాడి కోసం లెక్కేసే ఆదాయం తండ్రిది 60 వంతులు, తల్లిది 40. మారేది ఒక్కటే, రెండు వారాల్లో తండ్రి దగ్గర గడిపే రాత్రులు: 2, 5, 6, 7. ఏడాదికి చూస్తే 52, 130, 156, 182.

మొదట బ్రిటన్ ప్రభుత్వ క్యాలిక్యులేటర్. వాడటానికి ఇంతకంటే తేలికైనది ఇంకోటి లేదు. ఇచ్చేవాళ్ల స్థూల ఆదాయం, పిల్లల సంఖ్య, రాత్రులు, ఇంకో రెండు మూడు ప్రశ్నలు, అయిపోయింది. తీసుకునేవాళ్ల సంపాదన అసలు అడగదు. దాంతో మా 60:40 ఇక్కడ పనికిరాలేదు, తండ్రికి వారానికి 600 పౌండ్లు అని పెట్టుకున్నా. ఒక్క పిల్లాడికి అందులో 12 శాతం, అంటే 72 పౌండ్లు. ఇది రాత్రులేమీ లేనప్పటి మాట. ఏడాదికి 52 రాత్రులు చేరగానే ఏడో వంతు తగ్గి 61.71 అయింది. 104 నుంచి ఏడింట రెండు వంతులు, 156 నుంచి ఏడింట మూడు వంతులు, 175 నుంచి సగం, ఆ సగంలోంచి పిల్లాడికి వారానికి ఇంకో 7 పౌండ్లు కోత. మా వాళ్ల 5 రాత్రులకు 51.43, 6కి 41.14, 7కి 29.

చూడ్డానికి మెట్ల మీద దిగుతున్నట్టు చక్కగా ఉంది కదా, నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత 4 రాత్రులు పెట్టి చూశా. అవి ఏడాదికి 104, కరెక్టుగా మెట్టు అంచు మీద. వచ్చింది మళ్లీ 51.43. అంటే నాలుగో రాత్రికీ అయిదో రాత్రికీ పైసా తేడా లేదు. ఏడాదికి 26 రాత్రులు అదనంగా చూసుకున్నా లెక్కలో కనపడదు, అదే 103 నుంచి 104కి ఒక్క రాత్రి జరిగితే వారానికి పది పౌండ్లు పైనే మారిపోతుంది. ఇంకో మాట, పగటి సంరక్షణ కూడా నిజంగా ఇద్దరూ సమానంగా చూసుకుంటున్నారని తేలితే అక్కడ కట్టాల్సిందే ఉండదు. "రాత్రులు సగం సగం" వేరు, "చూసుకోవడం సగం సగం" వేరు. ఆ తేడా స్క్రీన్ మీద ఒక చిన్న ప్రశ్నలో దాక్కుని ఉంటుంది, చదవకుండా నొక్కేస్తే అంతే సంగతులు.

ఆస్ట్రేలియాది చూశాక నాకు నిద్ర పట్టలేదు, నిజంగా. అక్కడ 2008 జూలై 1 నుంచి నడుస్తున్న సూత్రం ఇద్దరి ఆదాయాల్నీ కలిపి చూస్తుంది. ఎవరి కనీస ఖర్చులు వాళ్లకు తీసేశాక మిగిలిన ఆదాయంలో ఎవరి వాటా ఎంత, పిల్లాణ్ని తన దగ్గర ఉంచుకోవడం ద్వారా ఎవరు ఇప్పటికే ఎంత ఖర్చు మోస్తున్నట్టు, ఈ రెండింటికీ తేడా తీసి, పిల్లాడి మొత్తం ఖర్చులో ఆ శాతం కట్టమంటుంది. ఆలోచన నాకు చాలా నచ్చింది. అసలు కథ ఆ మోస్తున్న ఖర్చును కొలిచే పట్టికలో ఉంది. 14 శాతం కంటే తక్కువ రాత్రులుంటే సున్నా. 14 చేరగానే ఒక్కసారిగా 24. అక్కణ్నుంచి 34 శాతం దాకా అదే 24, కదలదు మెదలదు. 35 దగ్గర 25 అవుతుంది, ఆ తర్వాత ఒక్కో శాతానికి రెండేసి చొప్పున పరిగెడుతుంది. 48 నుంచి 52 దాకా 50.

మా ఊహాకుటుంబాన్ని ఇందులో వేస్తే ఏమైందో చూడండి. తండ్రి ఆదాయ వాటా 60. ఏడాదికి 51 రాత్రులు ఉంచుకుంటే అది 13 శాతం కిందికి వస్తుంది, సగం కంటే తక్కువ శాతాల్ని కిందికే సవరిస్తారు కాబట్టి. అంటే 60లోంచి సున్నా తీసి, పిల్లాడి ఖర్చులో 60 శాతం ఆయనే కట్టాలి. 52 రాత్రులైతే 14 శాతం, 60లోంచి 24 పోయి 36. ఒక్క రాత్రికి! సరే, ఇప్పుడు 52 నుంచి 130కి వెళ్దాం, అంటే మా బావగారు అడిగిన మార్పు. 36 కాస్తా 35 అయింది. 78 రాత్రులు పెరిగితే ఒక్క శాతం. అదే 130 నుంచి 156కి వెళ్తే 35 నుంచి 21కి పడిపోయింది. సగం సగం చేస్తే 10.

ఈ చివరి 10ని కాసేపు పట్టుకోండి. "ఫిఫ్టీ ఫిఫ్టీ అయితే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు" అని మనలో చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నా. ఇద్దరి ఆదాయాలూ చూసే పద్ధతిలో రాత్రులు సమానమైనా సంపాదనలు సమానం కాకపోతే ఎక్కువ వచ్చేవాళ్లు ఎంతో కొంత ఇస్తూనే ఉండాలి. పిల్లాడికి ఒక ఇంట్లో ఒక జీవితం, ఇంకో ఇంట్లో ఇంకో జీవితం ఉండకూడదన్నది అందులో ఉద్దేశం.

14 శాతానికి 24 ఎందుకన్నది మొదట మింగుడు పడలేదు. కొంచెం ఆలోచిస్తే అర్థమైంది. పిల్లాడు రెండు వారాల్లో రెండు రాత్రులే వచ్చినా వాడికి ఒక గది కావాలి, మంచం కావాలి, మిగతా పన్నెండు రాత్రులూ ఆ మంచం ఖాళీగా ఉందని అద్దె తగ్గించరు కదా. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఇదే విషయాన్ని ఇంకోలా పట్టుకున్నాయి, పిల్లల్ని ఇద్దరూ పంచుకుని చూసుకుంటుంటే మూల ఖర్చును 1.5తో హెచ్చించి అప్పుడు పంచుతాయి. రెండిళ్లంటే రెండు జతల చెప్పులు, రెండు టూత్‌బ్రష్‌లు, రెండు చార్జర్లు. విడిపోయినప్పుడు పిల్లాడి ఖర్చు రెండు ముక్కలు కాదు, మొత్తంగా పెరుగుతుంది. అక్కా బావల గొడవలో ఇద్దరూ మర్చిపోయింది ఇదే.

కెనడాలో ఈ మెట్లేమీ లేవు, ఒక్కటే గోడ. ఇచ్చేవాళ్ల ఆదాయం, పిల్లల సంఖ్య, ఉండే ప్రావిన్సు బట్టి పట్టికలో ఒక మొత్తం ఉంటుంది, ప్రభుత్వ వెబ్‌సైట్లో వెతుక్కోవచ్చు. ఏడాదిలో 40 శాతం సమయం చేరేదాకా రాత్రులు ఎన్ని పెరిగినా ఆ పట్టిక మొత్తమే. మా 2 రాత్రులకూ 5 రాత్రులకూ ఒకే అంకె, ఎందుకంటే 5 అంటే దాదాపు 36 శాతమే. 6 అంటే దాదాపు 43, గోడ దాటేశాం. దాటాక ఏమవుతుందో మాత్రం పట్టిక చెప్పదు. ఇద్దరి పట్టిక మొత్తాల తేడా తీసి అక్కణ్నుంచి మొదలుపెడతారు గానీ, అదే తుది లెక్క కాదని, పంచుకోవడం వల్ల పెరిగిన ఖర్చులూ ఇద్దరి పరిస్థితులూ కూడా చూడాలని, 40 దాటినంత మాత్రాన తగ్గి తీరాలనేం లేదని అక్కడి సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. మర్యాద ఉన్న పద్ధతే, కానీ ఆ 40 కోసం జనం గంటలు కూడా లెక్కపెట్టుకుంటూ కొట్టుకుంటారంటే నాకేం ఆశ్చర్యం లేదు.

కాలిఫోర్నియా సూత్రం చూస్తే చిన్నప్పటి ఆల్జీబ్రా గుర్తొచ్చింది, ఇద్దరి నికర ఆదాయాలూ, ఎక్కువ సంపాదించేవాళ్ల దగ్గర పిల్లలుండే సమయం శాతమూ నేరుగా గుణకారాల్లోకి వెళ్లిపోతాయి. మెట్లూ లేవు, గోడా లేదు, వాలు. ఒక రాత్రి పెరిగితే ఆ రాత్రి మేరకే మారుతుంది. తగాదా పెట్టుకోవడానికి అంచు లేని పద్ధతి ఇదొక్కటే, నా ఓటు దీనికే. అమెరికాలో మిగతా రాష్ట్రాలన్నీ ఇలా ఉంటాయనుకోకండి. వర్జీనియాలో ఇద్దరి దగ్గరా ఏడాదికి 90 రోజులు దాటితేనే వేరే లెక్కకు మారుతుంది.

ఇక భారత్. ఇక్కడ సూత్రమే లేదు కాబట్టి క్యాలిక్యులేటర్ ఉండే అవకాశమే లేదు. అయినా వెతికితే "మెయింటెనెన్స్ క్యాలిక్యులేటర్" అని బోలెడు పేజీలు తగులుతాయి, జీతం కొట్టగానే టకీమని 25 శాతం చూపిస్తాయి. ఆ 25 అనే అంకె 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భార్యకిచ్చే భరణం గురించి అన్న మాటలోంచి వచ్చింది. దానికి పిల్లాడి రాత్రులతో ఏ సంబంధమూ లేదు, దాన్ని పట్టుకుని రెండిళ్ల మధ్య తిరిగే పిల్లాడి ఖర్చు తేల్చడం ఏమిటో నాకర్థం కాదు. అలాంటి పేజీలకు నా రేటింగ్ సున్నా. అసలు ఉపయోగపడేది 2020 నవంబరు 4 నాటి రజనీశ్ వర్సెస్ నేహా తీర్పుతో పాటు సుప్రీంకోర్టు ఇచ్చిన అఫిడవిట్ (ప్రమాణపత్రం) నమూనా. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు, పిల్లల చదువుతో సహా అన్నీ అందులో రాసివ్వాలి. క్యాలిక్యులేటర్ కాకపోయినా అది నింపుతుంటే సగం విషయం దానంతటదే తేలుతుంది. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలని కూడా ఆ తీర్పే చెప్పింది. పరిస్థితులు మారితే మొత్తం మార్చమని అడగడానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 127వ సెక్షన్ ఉండేది, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 146. పిల్లల్ని ఇద్దరూ పంచుకుని పెంచే పద్ధతికి చట్టంలో చోటివ్వమని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది కూడా.

ఇప్పుడు ఇంకో వస్తువు రివ్యూ, దీని పేరు చెప్పను. మధ్యవర్తి సలహా మీద అక్కా బావా ఇద్దరూ ఫోన్లలో ఒక పేరెంటింగ్ క్యాలెండర్ యాప్ వేసుకున్నారు. ఎవరి రోజు ఏ రంగులో ఉంటుందో కనిపిస్తుంది, చివర్లో ఏడాది మొత్తం రాత్రులు కూడి ఇస్తుంది. ఐడియా బంగారం. కొత్త 5 రాత్రుల పద్ధతిని ఏడాది మొత్తానికి వేస్తే మాకు అది 141 అని చూపించింది. రెండు వారాలకు 5 చొప్పున 130 రావాలి, సెలవుల్లో బావగారికి అదనంగా ఇచ్చిన 4 కలిపితే 134. ఈ 7 రాత్రులు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయి? అక్క నన్నే అనుమానంగా చూసింది.

ఆదివారం మధ్యాహ్నం పాత గోడ క్యాలెండర్ నేల మీద పరిచి, ఎరుపు, నీలం పెన్నులు తీసుకుని కూర్చున్నా. ఎరుపు అక్కది, నీలం బావగారిది. తేదీ గడిలో కాకుండా రెండు గడుల మధ్య గీత మీద చుక్క పెట్టుకుంటూ పోయా, ఎందుకంటే రాత్రి అంటే రెండు తేదీల మధ్యది. అప్పుడు దొరికింది. సెలవుల బ్లాకు మామూలు వారాంతం మీద పడినచోట యాప్ రెండుసార్లు కూడింది, అలా 5. ఇంకో రెండు చోట్ల పిల్లాణ్ని రాత్రి తొమ్మిదింటికి అక్క దగ్గర దింపినా ఆ తేదీ బావగారి రంగులో ఉంది కాబట్టి రాత్రి కూడా ఆయన ఖాతాలోనే వేసేసింది. సపోర్ట్ వాళ్లకు మూడు మెయిళ్లు పెట్టా, మూడింటికీ "మీ సూచనకు ధన్యవాదాలు" అని ఒకే జవాబు. మామూలు రోజుల్లో 7 రాత్రులు పోతే పోనీ అనుకోవచ్చు. పైన చెప్పిన మెట్లూ గోడలూ చూశారుగా, అంచు మీద ఉన్నవాళ్లకి ఇలాంటి 7 ఎంత ఖరీదో.

కాబట్టి యాప్ వాడండి, దాని కూడికను మాత్రం నమ్మకండి. పిల్లాణ్ని ఎవరు ఎప్పుడు దింపారు, ఎవరు తీసుకెళ్లారు అనే రికార్డుకు అది బాగానే పనికొస్తుంది, మాటల్లో "నువ్వు రాలేదు", "నేనొచ్చా" గొడవ తగ్గింది.

అసలు ఈ రెండు వారాల్లో నాకు బాగా భయం వేసిన విషయం అంకెల్లో లేదు. పిల్లాడు అటు మారిపోయాడు, కాగితం మారలేదు, ఇదీ ఆ భయం. మా వాళ్లు చేసింది సరిగ్గా అదే, "ఈ నెల నుంచి వాడు 5 రాత్రులుంటాడు, మీరు కాస్త తగ్గించి వేయండి" అని నోటిమాటగా అనేసుకున్నారు. ఇద్దరికీ సఖ్యత ఉన్నంతకాలం పర్లేదు. రేపు ఒకరికి కోపం వస్తే పాత కోర్టు ఆర్డరు ప్రకారం తగ్గించిన ప్రతి నెలా బాకీయే. అమెరికాలో 1986 నుంచి ఒక ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) నిబంధన ఉంది, గడువు దాటి బాకీపడిన చైల్డ్ సపోర్టును వెనక తేదీ నుంచి తగ్గించే అధికారం జడ్జికి కూడా లేదు, మార్చమని పిటిషన్ వేసి అవతలివాళ్లకు నోటీసు అందిన తర్వాతి కాలానికే మార్పు వర్తిస్తుంది. పిల్లాడు పూర్తిగా నీ ఇంట్లోనే ఉన్నాడని రుజువులు చూపించినా, పిటిషన్ వేయని నెలలు నెత్తి మీదే. ఆస్ట్రేలియాలో మార్పు జరిగిన 28 రోజుల్లోపు తెలియజేస్తే మారిన రోజు నుంచే లెక్కిస్తారు, ఆలస్యం చేస్తే నష్టం మీదే కావచ్చు. బ్రిటన్‌లో ఆదాయం 25 శాతానికి తక్కువ మారితే మామూలుగా ఏడాదికోసారి జరిగే సమీక్ష దాకా పట్టించుకోరు, కానీ రాత్రుల మార్పు మాత్రం అప్పుడే చెప్పుకోవచ్చు. నేను చూసిన ఏ క్యాలిక్యులేటరూ ఫలితం కింద పెద్దక్షరాల్లో "ఈ అంకె మీ ఆర్డరును మార్చదు" అని రాయలేదు. ఎక్కడో అడుగున సన్నక్షరాల్లో ఉంటుంది. అన్నింటికీ ఒక స్టార్ అక్కడే కోసేశా.

ఇంకో స్టార్ ఇంకోదానికి కోయాలి, అది వాటి తప్పో కాదో నాకే తెలీదు. రాత్రుల గడిలో అంకె మారుస్తుంటే పక్కన డబ్బు మారడం కళ్లముందు కనిపిస్తుంది. ఒకసారి అది చూశాక "వాడు నా దగ్గర ఇంకో రోజు ఉంటే బావుండు" అన్న మాట అవతలివాళ్ల చెవికి మామూలు మాటలా వినపడదు. బావగారు 6 రాత్రులు అన్నా అక్కకి అనుమానమే, అక్క 5 చాలు అన్నా ఆయనకి అనుమానమే. మొదటి రోజు నేను సరదాగా వాళ్లిద్దరికీ స్క్రీన్ షేర్ చేసి అంకెలు అటూ ఇటూ జరిపి చూపించా. అది నేను చేసిన పెద్ద పొరపాటు. మీరు మాత్రం ముందు పిల్లాడికి ఏది కుదురుతుందో, బడికి ఎటునుంచి దగ్గరో మాట్లాడుకుని రాత్రులు ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే క్యాలిక్యులేటర్ తెరవండి, అదీ ఒక్కసారే.

వాడేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త. అంచుకి దగ్గర్లో ఉంటే ఒక రాత్రి అటు, ఒక రాత్రి ఇటు వేసి మూడు ఫలితాలూ రాసుకోండి. మూడూ దాదాపు ఒకటే అయితే హాయిగా ఒప్పుకోవచ్చు. తేడా భారీగా ఉంటే ఆ ఒక్క రాత్రి గురించి ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పిల్లాడికి జ్వరమొచ్చి ఒక శనివారం వెళ్లనంత మాత్రాన ఎవరూ మెట్టు దింపేయరు, మొత్తం మీద నడుస్తున్న పద్ధతినే చూస్తారు. కానీ అలాంటి శనివారాలు వరసగా పడితే అదే పద్ధతి అయిపోతుంది. ఫీజులు, వైద్యం, ట్యూషన్ లాంటివి కూడా విడిగా మాట్లాడుకోండి, చాలాచోట్ల అవి ఈ మొత్తంలో పూర్తిగా ఇమడవు.

మొత్తం మీద ప్రభుత్వాల క్యాలిక్యులేటర్లకు అయిదుకి మూడు, యాప్‌కి రెండు, 25 శాతం పేజీలకు ముందే చెప్పా. గోడ క్యాలెండరుకీ రెండు రంగుల పెన్నులకీ అయిదుకి అయిదు.

అవునూ, ఆ ఆదివారం నేను చుక్కలు పెడుతుంటే మేనల్లుడు వచ్చి పక్కన బోర్లా పడుకుని చూశాడు. ఏం చేస్తున్నావు మామయ్యా అన్నాడు, నువ్వెక్కడ పడుకున్నావో లెక్కపెడుతున్నా అన్నా. వేలితో ఒక నీలం చుక్క చూపించి, "ఆ బుధవారం నేను నాన్న దగ్గర పడుకోలేదు. నాన్నకి నైట్ డ్యూటీ, నానమ్మ వాళ్లింట్లో పడుకున్నా" అన్నాడు. అక్క వంటింట్లోంచి తొంగిచూసింది. నేను నీలం చుక్కని ఇంకు అలుక్కుపోకుండా తుడవబోయా, మరక అయింది. ఆ రాత్రి ఎవరిదో బావగారిని అడగాలి.